ఏసీ టన్ను, కరెంటు యూనిట్, ఆర్ = 8.314: ఈ అంకెలు మనింట్లో ఎక్కడ కనిపిస్తాయి?

పావుసేరు (మారతహళ్లి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. పీయూసీ (ఇంటర్) చదివే పిల్ల ఇంట్లో ఉంటే తెలుస్తుంది, కెమిస్ట్రీ పుస్తకం నిండా స్థిరాంకాలే. ఆర్ అంటే 8.314, ప్లాంక్ హెచ్ అంటే 6.626 × 10⁻³⁴, అవొగాడ్రో 6.022 × 10²³. మా అమ్మాయి అన్నీ గడగడా అప్పజెప్పేస్తుంది కానీ "ఈ 8.314 మనింట్లో ఎక్కడుంది నాన్నా" అంటే నా దగ్గర జవాబు లేదు, నేను కామర్స్ వాణ్ని. పైగా ఏసీ కొందామని వెళ్తే షాపతను ఒకటిన్నర టన్ను అంటాడు, ఆ పెట్టె చూస్తే ఇద్దరు మనుషులు మోసుకెళ్తున్నారు. కరెంటు బిల్లులో కిలోవాట్ ఒకచోట, యూనిట్ ఇంకోచోట. తెలిసినవాళ్లు కాస్త మన ఇంటి సరుకులతో చెప్పండి. ఫార్ములాలుంటే ఉండనివ్వండి, కానీ చివరికి ఎన్ని లీటర్లు, ఎన్ని నిమిషాలు, ఎన్ని కిలోలు అన్నది తేలాలి.

మడివాల_మావయ్య (బెంగళూరు)

కరెంటు సంగతి నాకు వదిలెయ్యండి, వైరింగే నా బతుకుతెరువు.

జౌల్ అంటే శక్తికి కొలత, వాట్ అంటే సెకనుకి ఒక జౌల్ ఖర్చు. కిలోవాట్ అంటే సెకనుకి వెయ్యి. అలా గంటసేపు, అంటే 3600 సెకన్లు నడిస్తే 36 లక్షల జౌళ్లు, దాన్నే మనం యూనిట్ అంటాం. బిల్లులో కిలోవాట్ అని కనిపించేది మీ ఇంటికి మంజూరైన లోడ్, ఒకేసారి ఎంతవరకు లాగొచ్చో దానికి హద్దు, ఫిక్స్‌డ్ చార్జీ పడేది దాని మీద. యూనిట్లు అంటే నెలంతా కలిపి ఎంత లాగారన్నది. జనం రెండూ కలిపేసి "మా గీజర్ రెండు యూనిట్లదండీ" అంటారు చూడండి, అక్కడ తిక్క రేగుతుంది నాకు. గీజర్ రెండు కిలోవాట్లది. ఎన్ని యూనిట్లు తింటుందన్నది మీ స్నానాన్ని బట్టి.

లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 4186 జౌళ్లు కావాలి. 15 లీటర్ల గీజర్, డిసెంబరులో నీళ్లు 20 డిగ్రీలున్నాయి, 50కి తేవాలి. మూడూ గుణిస్తే దగ్గర దగ్గర 19 లక్షల జౌళ్లు, అంటే అర యూనిట్. రెండు కిలోవాట్ల గీజర్‌కి పావుగంట పని. ఆఫ్ చెయ్యడం మర్చిపోయి గంట వదిలేస్తే నాలుగింతలు కాలిపోతుందని భయపడతారు, అంత ఉండదు, థర్మోస్టాట్ ఆపేస్తుంది, ట్యాంకు గోడల్లోంచి పోయే వేడి వరకే అదనం.

అడయార్_ఆవకాయ (చెన్నై)

20 డిగ్రీల నీళ్లా! మా చెన్నైలో మే నెల మధ్యాహ్నం ట్యాంకు కుళాయి తిప్పితే చేతులు కాలతాయి, గీజర్ కంపెనీలు మా దగ్గర ఎలా బతుకుతున్నాయో నాకు తెలీదు. మాకు కావాల్సింది టన్ను లెక్క.

డక్టింగ్_దొర (అంబత్తూరు, చెన్నై)

నా ఫీల్డు ఇది. ఆ టన్ను ఏసీ బరువు కాదు, ఐసు బరువు.

మెషీన్లు రాకముందు చల్లబరచడానికి ఐసు దిమ్మలే దిక్కు. మన మెరీనా ఎదురుగా వివేకానందర్ ఇల్లం ఉంది కదా, అది 1842లో అమెరికా నుంచి ఓడల్లో తెచ్చిన ఐసు దాచడానికి కట్టించిన గోదామే, ఇవాళ్టికీ ఆ ఏరియా పేరు ఐస్ హౌస్. తర్వాత మెషీన్లు వచ్చేసరికి కొనేవాడికి అర్థమయ్యే కొలత ఒక్కటే, ఇది రోజుకి ఎన్ని టన్నుల ఐసు పని చేస్తుంది అని. అదే ఉండిపోయింది. అమెరికా వాళ్ల టన్ను 2000 పౌండ్లు, అంటే 907 కిలోలు. కిలో ఐసు కరగాలంటే 3.34 లక్షల జౌళ్ల వేడి పీల్చుకుంటుంది. మొత్తం 30 కోట్ల జౌళ్లు. రోజుకి 86,400 సెకన్లు, భాగించండి, 3500 వాట్లు వస్తుంది. ఒక టన్ను అంటే అంతే, గదిలోంచి సెకనుకి 3500 జౌళ్ల వేడి బయటికి పంపడం. ఒకటిన్నర టన్ను అంటే 5.3 కిలోవాట్లు.

డౌటు_డజను (బీటీఎం, బెంగళూరు)

ఆగండాగండి. మా ఒకటిన్నర టన్ను ఏసీ మీద స్టిక్కర్‌లో కరెంటు 1.5 కిలోవాట్లే అని ఉంది. ఒకటిన్నర తీసుకుని అయిదు ఇస్తోందా? శక్తి నిత్యత్వ నియమం సెలవు మీద వెళ్లిందా?

డక్టింగ్_దొర

చలి అనే సరుకు తయారు చేస్తే మీ డౌటు కరెక్టే. ఏసీ తయారు చెయ్యదు, ఉన్న వేడిని మోస్తుంది. 5.3 కిలోవాట్ల వేడి లోపల్నుంచి ఎత్తి బయట పడేస్తుంది, ఆ మోత కూలీ 1.5. బయట యూనిట్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి, అక్కడ వచ్చే వేడి రెండూ కలిపి 6.8 కిలోవాట్లు. పైసా తేడా ఉండదు. స్టిక్కర్ మీద స్టార్లు ఇచ్చేది ఈ మోతకీ కూలీకీ ఉన్న నిష్పత్తికే, ఏడాది వాతావరణం లెక్కేసి ఇస్తారు.

ఇంకో లెక్క, పెళ్లిళ్ల సీజన్లో నేను రోజూ చేసేది. మనిషి రోజుకి 2000 కిలోకేలరీలు తింటాడనుకోండి, 84 లక్షల జౌళ్లు. 86,400తో భాగిస్తే 97 వాట్లు. ఊరికే కుర్చీలో కూర్చున్నా ప్రతి మనిషీ వంద వాట్ల హీటరే. హాల్లో 350 మంది కూర్చుంటే 35 కిలోవాట్లు, అంటే కేవలం జనం కోసమే పది టన్నులు కావాలి. ఎండ, లైట్లు, వీడియో వాళ్ల ఫోకస్, తెరిచిన తలుపులు అన్నీ ఆపైన. హాలు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చి "భలే చల్లగా ఉంది" అని బుక్ చేసుకునేవాళ్లకి ముహూర్తం రోజు తెలుస్తుంది.

లెక్కలమాస్టారు (పెరంబూరు, చెన్నై)

పావుసేరు గారూ, పాప అడిగిన 8.314 మీ వంటింట్లో ఉంది, గ్యాస్ సిలిండర్‌లో.

గ్యాస్ ఏదైనా కానివ్వండి, ఒక మోల్ (అంటే 6.022 × 10²³ రేణువులు) తీసుకుంటే దాని పీడనాన్ని ఘనపరిమాణంతో గుణించి ఉష్ణోగ్రతతో భాగిస్తే వచ్చేది 8.314. మామూలు ఒత్తిడి దగ్గర అన్ని గ్యాస్‌లకీ దాదాపు ఇదే, అందుకే దానికి అంత గౌరవం. గది 27 డిగ్రీలుంటే 300 కెల్విన్. 8.314ని 300తో గుణిస్తే 2494 జౌళ్లు. దాన్ని వాతావరణ పీడనం 1,01,325 పాస్కళ్లతో భాగిస్తే 0.0246 ఘనపు మీటర్లు, అంటే 24.6 లీటర్లు. గది వేడిలో ఏ గ్యాస్ అయినా మోల్‌కి అంత చోటు ఆక్రమిస్తుంది.

ఇంటి సిలిండర్‌లో 14.2 కిలోలు. ప్రొపేన్ మోల్ 44 గ్రాములు, బ్యూటేన్ 58, మిశ్రమం సగటున 50 అనుకుందాం. 284 మోళ్లు. 24.6తో గుణిస్తే ఏడు వేల లీటర్ల గ్యాస్. అంత గ్యాస్‌ని నొక్కి ద్రవంగా మార్చి ఆ ఎర్ర సిలిండర్‌లో పెట్టారు. ఇప్పుడు మీ వంటిల్లు ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు అనుకోండి, లోపల 18 వేల లీటర్ల గాలి. గాలిలో ఈ గ్యాస్ రెండు శాతం చేరితే చాలు, నిప్పురవ్వకి అంటుకునే స్థితి వస్తుంది. రెండు శాతం అంటే 360 లీటర్లు. వెనక్కి లెక్కేస్తే ముప్పావు కిలో కూడా లేదు. సిలిండర్‌లో ఇరవయ్యో వంతు. పైగా అది గాలి కంటే బరువు, కింద నేల దగ్గర పేరుకుంటుంది, కాబట్టి అక్కడ రెండు శాతం అవ్వడానికి అంత కూడా అక్కర్లేదు. వాసన వస్తే స్విచ్చులేవీ ముట్టుకోకండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా వెయ్యకండి, రెగ్యులేటర్ కట్టేసి కిటికీలు, తలుపులు తెరవండి. ఆర్ బట్టీ పట్టిన పిల్లలకి ఈ లెక్క ఒక్కసారి చేయిస్తే జన్మలో మర్చిపోరు.

టి_నగర్_తాయారు (చెన్నై)

మాస్టారూ, భయపెట్టేశారు. నేను ఇండక్షన్‌కి మారిపోతా. మావయ్య గారూ, ఒక సిలిండర్ ఎన్ని యూనిట్లతో సమానం? మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరికి తోచింది వాళ్లు చెప్తున్నారు.

మడివాల_మావయ్య

తాయారమ్మా, కిలో ఎల్పీజీ మండితే నాలుగు కోట్ల అరవై లక్షల జౌళ్లు, కాస్త అటూ ఇటూ. 14.2 కిలోలకి 65 కోట్లు, అంటే 180 యూనిట్లు. కానీ స్టవ్ మీద మంట అంతా గిన్నెకి చేరదు, పక్కల నుంచి పోతుంది, మూడింట రెండొంతులు చేరితే గొప్ప. అంటే గిన్నెలోకి వెళ్లేది 120 యూనిట్లే. ఇండక్షన్‌లో నూటికి 85 గిన్నెలోకి వెళ్తుందనుకుంటే గోడలోంచి 140 యూనిట్లు లాగాలి. మీ స్లాబు రేటుతో 140ని గుణించి సిలిండర్ ధర పక్కన పెట్టుకోండి. పైస్లాబులో ఉన్న ఇళ్లకి గ్యాసే చవగ్గా తేలొచ్చు, కాబట్టి గ్రూపులో ఎవరు గెలిచారన్నది ఎవరి బిల్లు వాళ్లకి.

బోరుబావి (వైట్‌ఫీల్డ్, బెంగళూరు)

కరెంటు, గ్యాస్ అయ్యాయి కదా, నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదే. బెంగళూరులో ఉండి నీళ్ల లెక్క చెయ్యకపోతే ఎలా.

మన కావేరి నీళ్లు తొరెకాడనహళ్లి నుంచి వస్తాయి, దాదాపు వంద కిలోమీటర్లు. దూరం కాదు సమస్య, ఎత్తు. నది కింద ఉంది, ఊరు పీఠభూమి మీద ఉంది. మూడు చోట్ల, తొరెకాడనహళ్లి, హారోహళ్లి, తాతగుణి, పంపులు పెట్టి అంచెలంచెలుగా మొత్తం అర కిలోమీటరు ఎత్తు ఎక్కిస్తారు. కిలోలీటరు అంటే వెయ్యి కిలోలు. కిలోలని భూమి ఆకర్షణ 9.8తో, ఎత్తు మీటర్లతో గుణించాలి, 1000 × 9.8 × 500 చెయ్యండి, 49 లక్షల జౌళ్లు, 1.36 యూనిట్లు. పంపు, మోటారు, పైపులో రాపిడి అన్నీ పోను మూడింట రెండొంతులే పనికొస్తుందనుకుంటే రెండు యూనిట్లు. ఒక్కో కిలోలీటరుకి రెండు యూనిట్లు! మనం కుళాయి తిప్పి పళ్లు తోముకుంటూ వదిలేసే నీళ్లలో కరెంటు కూడా పారుతోంది.

వెయ్యడుగుల బోరుకీ ఇదే లెక్క. 305 మీటర్లు, కిలోలీటరుకి 30 లక్షల జౌళ్లు, మా సబ్‌మెర్సిబుల్ పాతది, సగమే పనికొస్తుందనుకున్నా 1.7 యూనిట్లు. అయితే బోరు అడుగు వెయ్యడుగులని లెక్కెయ్యకూడదు, నీటిమట్టం ఎక్కడుందో అక్కణ్నుంచి లెక్క.

అడయార్_ఆవకాయ

అందుకే అనేది, చెన్నైకి వచ్చెయ్యండి. మాకు కృష్ణా నీళ్లు కండలేరు నుంచి పూండి జలాశయానికి కాలువలో పల్లానికి వాటంతటవే నడుచుకుంటూ వస్తాయి. పంపూ లేదు, యూనిట్టూ లేదు. పైగా మన తెలుగు నీళ్లు :)

డౌటు_డజను

ఆ నీళ్లని పేపర్లో టీఎంసీల్లో రాస్తారు. నాకు ఆ టీఎంసీ ఎప్పుడూ ఊహకి అందదు. ఒక టీఎంసీ అంటే ఎంత?

లెక్కలమాస్టారు

వంద కోట్ల ఘనపు అడుగులు. ఘనపు అడుగుకి 28.3 లీటర్లు, కాబట్టి 2831 కోట్ల లీటర్లు. ఇలా చెప్తే మళ్లీ ఊహకి అందదు కదా, జనంతో చెప్తాను. ఊళ్లలో నీటి సరఫరాకి మనిషికి రోజుకి 135 లీటర్లు అని ఒక ప్రమాణం ఉంది. కోటి మంది ఉన్న ఊరికి రోజుకి 135 కోట్ల లీటర్లు. ఒక టీఎంసీ ఆ ఊరికి మూడు వారాలు వస్తుంది. పూండి నిండితే 3.23 టీఎంసీలు, చెంబరంబాక్కం చెరువు నిండితే 3.64. కాలువలో పారేటప్పుడు క్యూసెక్కులంటారు, సెకనుకి ఒక ఘనపు అడుగు. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ, ఈ ఒక్క అంకె గుర్తుంటే వరదల వార్తలు చదివేటప్పుడు పనికొస్తుంది. లక్ష క్యూసెక్కులు వదిలారంటే రోజుకి ఎనిమిదిన్నర టీఎంసీలు దిగువకి పోయినట్టు.

తెలుగుగంగ 1983 ఒప్పందంలో చెన్నైకి 15 టీఎంసీలన్నారు, దారిలో పోయేది పోగా సరిహద్దు దగ్గర 12. అది కాగితం మీద. ఏ ఏడు ఎంత వచ్చిందన్నది శ్రీశైలం నిండడాన్ని బట్టి, కాబట్టి ఆవకాయ గారు అంత మురిసిపోవద్దు.

తడ_ట్రాన్సిస్టర్ (తండయార్‌పేట, చెన్నై, సొంతూరు తడ)

ఆవకాయ గారూ, మీ అడయార్ వైపు కుళాయిల్లో నెమ్మేలి సముద్రపు నీళ్లు కూడా కలుస్తాయి, మర్చిపోయారా. ఉత్తరాన మీంజూరు, దక్షిణాన నెమ్మేలి. ఉప్పునీళ్లని మంచినీళ్లు చెయ్యడం ఊరికే అవ్వదు. అన్నట్టు ఇక్కడ కూడా మాస్టారి 8.314 ఉంది.

చెప్తాను చూడండి. నీళ్లలో కరిగిన ఉప్పు రేణువులు కూడా, నీళ్లని మాత్రమే పోనిచ్చే సన్నని పొర అవతల, గ్యాస్ రేణువులు డబ్బా గోడల మీద చూపించే లెక్క ప్రకారమే ఒత్తిడి చూపిస్తాయి. అదే ఓస్మాటిక్ పీడనం, సూత్రంలో అదే ఆర్, అదే ఉష్ణోగ్రత. సముద్రపు నీళ్లలో లీటరుకి 35 గ్రాముల ఉప్పు. మామూలు ఉప్పే అనుకుంటే 0.6 మోల్, అది నీళ్లలో సోడియం, క్లోరిన్ అయాన్లుగా విడిపోతుంది కాబట్టి 1.2. కిలోలీటరుకి 1200 మోళ్లు. 1200 × 8.314 × 300 = 30 లక్షల పాస్కళ్లు. అంటే దగ్గర దగ్గర 30 వాతావరణాల ఒత్తిడి (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 30 రెట్లు), అసలు సముద్రపు నీళ్లకి కొలిస్తే ఇంకాస్త తక్కువ, 27 దాకా ఉంటుంది. దానికి మించి నొక్కితే తప్ప పొరలోంచి మంచినీళ్లు ఇవతలికి రావు.

పాస్కల్‌ని ఘనపు మీటరుతో గుణిస్తే వచ్చేది జౌలే. కిలోలీటరు అంటే ఒక ఘనపు మీటరు. కాబట్టి కిలోలీటరు తియ్యడానికి కనీసం 27 నుంచి 30 లక్షల జౌళ్లు. బోరుబావి గారి వెయ్యడుగుల బోరుకి కూడా 30 లక్షలే వచ్చింది, చూశారా? సముద్రంలోంచి ఉప్పు వేరు చెయ్యడం, ఆ నీళ్లని మూడొందల మీటర్లు పైకి తోడడం, ప్రకృతి వేసే కనీస బిల్లు రెండింటికీ ఒకటే.

బోరుబావి

ఇది బాగుంది! అంటే కాగితం మీద మీ సముద్రం మా కావేరి కంటే చవక. మాది 49 లక్షలు, మీది 30.

తడ_ట్రాన్సిస్టర్

కాగితం మీద అవును. ప్లాంటులో కాదు. మంచినీళ్లు తీసేకొద్దీ మిగిలిన నీళ్లు ఇంకా ఉప్పెక్కుతాయి, అందుకే అసలు పంపులు 60 వాతావరణాల దాకా నొక్కాల్సి వస్తుంది. సముద్రంలోంచి లాగడం, వడపోత, ఊళ్లోకి పంపడం కూడా ఉన్నాయి. ఇలాంటి ప్లాంట్లలో మొత్తం కలిపి కిలోలీటరుకి మూడు నాలుగు యూనిట్లు పడుతుంది. మీది రెండు. ఇప్పుడు చెప్పండి ఎవరు గెలిచారో.

టి_నగర్_తాయారు

మా వంటింటి ఆర్వోకి కూడా ఇదేనా? దానికి 60 వాతావరణాలు నొక్కితే సింకు ఎగిరిపోదా.

తడ_ట్రాన్సిస్టర్

లేదక్కా. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల కొలత, 500 అంటే లీటరుకి అర గ్రాము. సముద్రంలో డెబ్బయ్యో వంతు. ఓస్మాటిక్ పీడనం అర వాతావరణం కూడా రాదు. ఇంట్లో చిన్న పంపు నాలుగైదు వాతావరణాలు ఇస్తుంది, అది నీళ్లు త్వరగా దిగడానికి. టీడీఎస్ 100 ఉన్న కార్పొరేషన్ నీళ్లకి ఆర్వో పెట్టడం అంటే కరెంటూ నీళ్లూ రెండూ దండగ. ఈ మాట చెప్తే అమ్మేవాళ్లకి కోపం వస్తుంది.

టి_నగర్_తాయారు

ఇంకో సందేహం, నవ్వకండి. మా ఆడపడుచు బెంగళూరులో ఉంటుంది. చెన్నైలో కొన్న బంగారం బెంగళూరులో తూస్తే తక్కువ వస్తుంది, అక్కడ భూమి ఆకర్షణ తక్కువ కదా అంటుంది. నిజమా, నా చెవిలో పువ్వా?

లెక్కలమాస్టారు

ఆవిడ భౌతికశాస్త్రం కరెక్టే. చెన్నై సముద్రమట్టం, అక్కడ 'జి' (భూమి ఆకర్షణ) విలువ 9.783. బెంగళూరు తొమ్మిది వందల మీటర్ల ఎత్తు, 9.780. నాలుగు వేలలో ఒక వంతు తేడా. వంద గ్రాముల బంగారానికి పాతిక మిల్లీగ్రాములు, ఎనిమిది గ్రాముల సవరకి రెండు. అదీ చెన్నైలో సరిచేసిన ఎలక్ట్రానిక్ త్రాసుని సంచిలో పెట్టుకుని బెంగళూరు తీసుకెళ్లి తూస్తేనే. ఆ త్రాసు కొలిచేది బరువుని, అది కిందికి ఎంత నొక్కుతోందో దాన్ని. బెంగళూరు షాపులో త్రాసుని అక్కడే ప్రామాణిక గుండు పెట్టి సరిచేస్తారు, తూనికల కొలతల శాఖ ముద్ర పడేది అక్కడే, కాబట్టి తేడా రాదు. పాతకాలం రెండు పళ్లేల త్రాసుకి అసలే బాధ లేదు, ఆకర్షణ తగ్గితే రెండు వైపులా ఒకేలా తగ్గుతుంది. తక్కువ వచ్చిందంటే కారణం భూమి కాదని మీ ఆడపడుచుకి మెల్లిగా చెప్పండి.

మడివాల_మావయ్య

ఎత్తు సంగతి వచ్చింది కాబట్టి. చెన్నైలో కొన్న చిప్స్ ప్యాకెట్ బెంగళూరు వచ్చేసరికి ఉబ్బుతుంది, గమనించారా? ఇక్కడ గాలి ఒత్తిడి పదోవంతు తక్కువ. నీళ్లు కూడా 97 దగ్గరే మరుగుతాయి. పప్పు ఉడకట్లేదని నీళ్లని తిట్టేవాళ్లు కుక్కర్ మూత పెట్టండి, లోపల 120 డిగ్రీల దాకా వెళ్తుంది.

డౌటు_డజను

ఇక నా అసలు డౌటు. జి ఊరిని బట్టి మారుతోంది. హెచ్, ఆర్ కొలిచి తెలుసుకున్నవి, దశాంశాల మీద దశాంశాలు. కానీ కాంతి వేగం మాత్రం 29,97,92,458 మీటర్లు, చివర చుక్క కూడా లేదు. దేవుడు పూర్ణాంకం ఎలా ఎంచుకున్నాడు?

తడ_ట్రాన్సిస్టర్

దేవుడు కాదు, కమిటీ. 1983 దాకా మీటరు విడిగా, కాంతి వేగం విడిగా, కొలిచేకొద్దీ చివరి అంకెలు మారేవి. ఆ ఏడు తిరగేశారు, కాంతి వేగం ఇంత అని ఖాయం చేసేసి, కాంతి సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో వెళ్లే దూరమే మీటరు అన్నారు. పాత మీటరు మారకూడదు కాబట్టి గుండ్రంగా 30 కోట్లు పెట్టలేకపోయారు. 2019 మే 20 నుంచి హెచ్‌కి, బోల్ట్స్‌మన్ స్థిరాంకానికి (ఉష్ణోగ్రతని శక్తి లెక్కలోకి మార్చేది), ఎలక్ట్రాన్ ఆవేశానికి, అవొగాడ్రోకి కూడా ఇదే పని చేశారు. ఇప్పుడు హెచ్ కచ్చితంగా 6.62607015 × 10⁻³⁴, దాని తర్వాత అంకె లేదు. ఆర్ అంటే బోల్ట్స్‌మన్, అవొగాడ్రోల గుణకారమే, కాబట్టి అదీ ఖాయమే. అప్పటిదాకా కిలో అంటే ప్యారిస్ దగ్గర సెవ్ర్‌లో గాజు మూతల కింద పెట్టిన ప్లాటినం ఇరీడియం గుండు. దాని నకళ్లలో 57వ నంబరుది మన ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో ఉంది. ఇప్పుడు ఆ సెవ్ర్ గుండు అరిగినా మన కిలో అరగదు.

కాంతి వేగం ఇంట్లో ఎక్కడుందంటే మీ ఫోన్ మ్యాపులో. కాంతి నానోసెకనుకి 30 సెంటీమీటర్లు పోతుంది, అంటే అడుగు. మైక్రోసెకను తప్పితే 300 మీటర్లు తప్పు, క్యాబ్ పక్క వీధికి పోతుంది. పైన ఉపగ్రహాల గడియారాలు సాపేక్షత వల్ల మన కంటే రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, సరిచెయ్యకపోతే రోజుకి 11 కిలోమీటర్ల తప్పు పేరుకుంటుంది.

పావుసేరు

ఇన్ని లెక్కలు వస్తాయనుకోలేదు, అన్నీ ప్రింటు తీస్తున్నా. హెచ్ ఒక్కటి మిగిలింది. పది కింద ముప్పై నాలుగు సున్నాలు అంటే అసలు కంటికి కనపడే వస్తువులో దొరుకుతుందా?

తడ_ట్రాన్సిస్టర్

దొరుకుతుంది, అది కూడా మల్టీమీటర్‌తో. ఎలక్ట్రానిక్ సామాన్లకి మీకు ఎస్పీ రోడ్, మాకు రిచీ స్ట్రీట్. మామూలు ఎల్ఈడీలు కొనండి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పైన గాజు రంగు లేనివి తీసుకోండి. వాటి తరంగదైర్ఘ్యం అడిగి రాసుకోండి, మామూలుగా 630, 525, 465 నానోమీటర్లు ఉంటాయి. ఒక బ్యాటరీ, వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్, వోల్టేజీ పెంచి తగ్గించడానికి ఒక పొటెన్షియోమీటర్. గదిలో లైటు ఆపి, వోల్టేజీ సున్నా నుంచి మెల్లిగా పెంచుతూ, ఎల్ఈడీ మొదటిసారి మినుకుమన్నప్పుడు దాని రెండు కాళ్ల మధ్య ఎన్ని వోల్టులో రాసుకోండి. ఒక్కో ఎలక్ట్రాన్ ఆ వోల్టేజీ ఇచ్చే శక్తితో ఒక్కో కాంతి కణాన్ని వదులుతుంది. ఆ శక్తి హెచ్ సార్లు కాంతి వేగం బై తరంగదైర్ఘ్యం. ఎరుపుకి తక్కువ వోల్టులు, నీలానికి ఎక్కువ ఎందుకన్నది పాప తనే కనుక్కుంటుంది.

బోరుబావి

నా దగ్గర సామానంతా ఉంది, ఇప్పుడే చేశా. ఎరుపు 1.7 వోల్టులు, ఆకుపచ్చ 2.2, నీలం 2.5. లెక్కేస్తే ఎరుపుకి 5.7, మిగతా రెండింటికీ 6.2 వచ్చింది, పది మైనస్ 34 దగ్గరే. 6.6 రాలేదు. మీటరు చవకది, దాని పనా?

లెక్కలమాస్టారు

మీటరు పని కాదు, గది వేడి పని. 300 కెల్విన్ దగ్గర ప్రతి ఎలక్ట్రాన్‌కీ బోల్ట్స్‌మన్ లెక్క ప్రకారం దాదాపు 0.026 ఎలక్ట్రాన్ వోల్టు మేర వేడి శక్తి ఊరికే అందుబాటులో ఉంటుంది, కొన్నిటికి దానికి చాలా రెట్లు. వోల్టేజీ ఇంకా పూర్తిగా చాలకముందే ఆ కొన్ని దాటేస్తాయి, మీ కంటికి మినుకు కనిపిస్తుంది. అందుకే మూడింటికీ తక్కువే వచ్చింది, ఎక్కువ ఒక్కదానికీ రాలేదు చూడండి. పైగా మినుకు ఎప్పుడు మొదలైందన్నది కన్ను చెప్పే మాట, ఎరుపు మసక వెలుగులో కంటికి సరిగా ఆనదు. ప్రతి రంగుకీ ఒకే చిన్న కరెంటు, 10 మైక్రోఆంపియర్లు అనుకోండి, పెట్టి అప్పుడు వోల్టులు చదవండి, మూడూ ఒకే పద్ధతిలో వస్తాయి. ఆకుపచ్చ తరంగదైర్ఘ్యం మాత్రం షాపువాడి మాట నమ్మకండి, 520 నుంచి 570 దాకా దేన్నైనా ఆకుపచ్చ అనే అమ్ముతారు.